కదలికయే కొలబద్ద

మన కంటి వెనుకభాగమున రెటీనా యను పలుచని పొర కలదు. బయటి వస్తువుల ప్రతిబింబములు దానిపై బడును. ఆ ప్రతిబింబము గోడకు వ్రేలాడు పటమువంటిది. దానికి పొడవు వెడల్పులు గలవుగాని లోతు లేదు. అయినను చెట్టు దగ్గర నున్నదనియు, కొండ దూరమున నున్నదనియు మనకు చూచినంతనే తెలియుచున్నది. పటములో లేని లోతు మనకెట్లు తెలిసినది?

రెండు కన్నులుండుట యిందులకొక కారణము. కుడికన్ను చూచు దృశ్యమునకును, ఎడమకన్ను చూచు దృశ్యమునకును స్వల్పభేదము కలదు. ఆ భేదము లోతును దెలుపునని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు చార్లెస్ వీట్‌స్టన్ 1838లో నిరూపించెను. కాని యొక కన్ను కోల్పోయినవారు సైతము మెట్లు దిగుచున్నారు, బాటలో నడచుచున్నారు. వారికి తోడ్పడు సాధనములలో ముఖ్యమైనది కదలిక.

పోవుచున్న రైలుబండి కిటికీనుండి చూడుడు. దారిప్రక్క స్తంభములు రివ్వున వెనుకకు పోవును. పొలములోని తాటిచెట్లు మెల్లగా జరుగును. దూరపు కొండ కదలనట్లే యుండును. చంద్రుడు మనతోకూడ వచ్చుచున్నట్లు తోచును. బండి వేగ మొక్కటియే. వస్తువుల దూరములు వేరగుటచే ప్రతిబింబముల వేగములు వేరగుచున్నవి. దట్టమైన అడవిలో కదలక నిలిచినవానికి ఏ కొమ్మ యే చెట్టుదో తెలియదనియు, నడక మొదలిడినంతనే చెట్లన్నియు విడివిడిగా గానవచ్చుననియు జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దముననే వ్రాసెను.

ఈ యుపాయము చిన్న ప్రాణులకును తెలియును. మిడుత దుముకుటకు ముందు శరీరము నిటునటు ఊపి చూచును. 1959లో వాలెస్ అను శాస్త్రజ్ఞుడు, మిడుత ఊగునపుడు ఎదుటి వస్తువును దానికి వ్యతిరేకదిశగా జరిపెను. వస్తువు దగ్గర నున్నదని భ్రమించి మిడుత తక్కువ దూరము దుమికెను.

ఇందొక చిక్కు కలదు. ఒక కన్ను మూసికొని, ఒక వ్రేలిని ముఖమునకు జేనెడు దూరమునను, రెండవ చేతి వ్రేలిని చేయి చాచినంత దూరమునను నిలుపుడు. దూరపు వ్రేలినే చూచుచు తలను కుడికి జరుపుడు. దగ్గరి వ్రేలు ఎడమకు పోవును. దగ్గరి వ్రేలిని చూచుచు మరల తలను కుడికి జరుపుడు. ఈసారి దూరపు వ్రేలు మీతో కుడికి వచ్చును. చూచుచున్న వస్తువును విడువకుండుటకై కన్ను తిరుగుచుండుటయే యిందులకు కారణము. కన్ను ఎటు తిరిగినదో తెలిసినగాని ఏది దగ్గరిదో, ఏది దూరపుదో నిర్ణయింప వీలులేదు. మెదడు ప్రతిబింబపు కదలికను, కంటి కదలికను కలిపి లెక్కించుచున్నది. కోతుల మెదడులో కదలికను గ్రహించు భాగమునందలి కణములు ఈ పని చేయుచున్నవని 2008, 2009 సంవత్సరములలో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఆ శక్తి విలువ దానిని గోల్పోయినవారివలన తెలియును. మెదడు వెనుకభాగము దెబ్బతిని, కదలికను జూడలేకపోయిన యొక స్త్రీని గూర్చి 1983లో జర్మన్ పరిశోధకులు వివరించిరి. ఆమెకు రంగులును రూపములును కనబడుచునే యుండెను. కాని కప్పులో పోయు టీ గడ్డకట్టినట్లు తోచుటచే ఎప్పు డాపవలెనో తెలియకుండెను. వీధి దాటబోవునపుడు దూరముననున్న కారు మరుక్షణమున దాపున నుండెడిది. నడుమ నది వచ్చుట ఆమెకు గానరాదు. కాలక్రమమున ఆమె కారు చప్పుడు హెచ్చుటను బట్టి దాని దూరమును గ్రహింప నేర్చుకొనెను.

మనము వీధి దాటు ప్రతిసారియు మెదడు మనకు తెలియకుండనే యీ లెక్క కట్టుచున్నది. ఆ లెక్కకు వలయు క్షణకాలమును దానికిచ్చి, నిలిచి చూచి నడచుట మన విధి.