మట్టిపని లెక్క – గుంత కొలిస్తే కూలి తెలుస్తుంది



గణితంలో మనం దీర్ఘఘనం పాఠం చదివినాం. పొడవు × వెడల్పు × ఎత్తు అని సూత్రం అందరికీ కంఠస్థం. పరీక్ష అయిపోతే దాన్ని మరిచిపోతాం. కానీ మన ఇండ్లలో చాలామంది అమ్మానాన్నలకు వారం కూలి వచ్చేది ఈ లెక్క మీదనే. అమరాపురం చుట్టుపక్కల చెరువు పూడిక తీసినా, పొలంలో నీటికుంట తవ్వినా, వక్కతోటకు పైపు కాలువ తీసినా, ఇంటికి పునాది తీసినా ముందు చూసేది "ఎన్ని ఘనపు మీటర్లు?" అనే. ఈ లెక్క తెలిసినవాడు రేటు మాట్లాడతాడు. తెలియనివాడు ఎదుటివాడు చెప్పిన దానికి తల ఊపుతాడు. అందుకే ఈ సంచికలో మట్టిపని అంచనా ఎట్లా వేయాలో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను. పక్కన పెన్సిలు, కాగితం పెట్టుకుని చదవండి.

1. కొలత మీద కూలి

ఉపాధి హామీ పథకం దేశంలో మొదట మొదలైంది మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లి గ్రామంలో అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ గారు ప్రారంభించినారు. ఆ పనుల్లో ఉదయం వచ్చి సాయంత్రం పోతే చాలదు. జట్టు తవ్విన గుంతను టేపుతో కొలిచి, ఎం.బుక్కులో రాసి, దాని ప్రకారం కూలి కట్టేవారు. గుత్తకు ఇచ్చే ప్రైవేటు పనుల్లో కూడా ఇదే పద్ధతి. కాబట్టి కొలిచే చోట మనవాళ్ళు ఒకరు నిలబడి, టేపు రెండో కొస పట్టుకోవడం మంచిది.

కొలిచేటప్పుడు మూడు విషయాలు గుర్తు పెట్టుకోండి.

(అ) నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఒక్కచోట లోతు చూస్తే సరిపోదు. నాలుగైదు చోట్ల చూసి సరాసరి తీయాలి.

(ఆ) చెరువులాంటి పెద్ద తవ్వకంలో పాత నేలమట్టం ఎక్కడ ఉండేదో తవ్వినాక తెలియదు. అందుకని మధ్యమధ్యలో తవ్వకుండా మట్టి దిమ్మెలు వదులుతారు. కొలత పూర్తయి పుస్తకంలో ఎక్కేదాకా ఆ దిమ్మెల జోలికి పోకూడదు. దిమ్మె కొట్టేస్తే మన చెమటకు సాక్ష్యం పోయినట్టే.

(ఇ) అడుగులా, మీటర్లా అని ముందే అడగాలి. ఒక ఘనపు మీటరు అంటే సుమారు 35.3 ఘనపుటడుగులు. "ఘనపుటడుగుకు 6 రూపాయలు" అన్నా, "ఘనపు మీటరుకు 212 రూపాయలు" అన్నా దాదాపు ఒకటే.

2. నీటికుంట లెక్క

నిలువు గోడల గుంత అయితే చిక్కు లేదు. కానీ నీటికుంటకు గోడలు వాలుగా తీస్తారు, లేకుంటే వానకు కూలిపోతాయి. ఒక కుంట తీసుకుందాం. పైన 12 మీటర్లు × 12 మీటర్లు, అడుగున 6 మీటర్లు × 6 మీటర్లు, లోతు 2 మీటర్లు.

దీన్ని మనుషులు మూడు రకాలుగా లెక్కేస్తారు.

మొదటి రకం: పై వైశాల్యం 144, అడుగు వైశాల్యం 36, సరాసరి 90. లోతు 2తో గుణిస్తే 180 ఘనపు మీటర్లు.

రెండో రకం: సరాసరి పొడవు 9, సరాసరి వెడల్పు 9, లోతు 2. గుణిస్తే 162 ఘనపు మీటర్లు.

మూడో రకం: పై వైశాల్యం, నడిమి వైశాల్యానికి నాలుగు రెట్లు, అడుగు వైశాల్యం, ఈ మూడూ కూడి లోతుతో గుణించి 6తో భాగించాలి. (144 + 324 + 36) × 2 ÷ 6 = 168 ఘనపు మీటర్లు.

ఒకే గుంతకు మూడు జవాబులు! ఏది నిజం? సూత్రం నమ్మకుండా గుంతనే ముక్కలు చేసి చూద్దాం.

నడుమ ఒక పెట్టె ఉంది: 6 × 6 × 2 = 72.
నాలుగు పక్కలా వాలు ముక్కలు ఉన్నాయి. ఒక్కోటి త్రిభుజాకార పట్టకం: 3 × 2 ÷ 2 × 6 = 18. నాలుగూ కలిపి 72.
నాలుగు మూలల్లో నాలుగు పిరమిడ్లు ఉన్నాయి. ఒక్కోటి 3 × 3 × 2 ÷ 3 = 6. నాలుగూ కలిపి 24.
మొత్తం 72 + 72 + 24 = 168.

కాబట్టి మూడో రకమే సరి. తేడా అంతా మూలల్లో ఉంది. మొదటి రకం మూలలను 24కు బదులు 36గా ఎక్కువ చూపిస్తుంది. రెండో రకం 18గా తక్కువ చూపిస్తుంది. మనవాళ్ళ దగ్గర రెండో రకంతో కొలిస్తే ప్రతి కుంటకూ 6 ఘనపు మీటర్ల పని లెక్కలోకి రాకుండా పోతుంది. మొదటి రకంతో కొలిస్తే డబ్బు ఇచ్చే రైతుకు 12 ఘనపు మీటర్లు నష్టం. ఆ రైతు కూడా మనలాంటివాడే కదా. ఎవరికీ అన్యాయం జరగని లెక్క ఒకటి ఉండగా వేరేవి ఎందుకు?

కాలువలాంటి పొడుగు పనికి ఇంకో పద్ధతి. మడకశిర వైపు వచ్చిన హంద్రీ-నీవా బ్రాంచి కాలువలాంటి వాటికి కొంత కొంత దూరానికి ఒకచోట అడ్డకొలత తీసి, వైశాల్యం కట్టి, పక్కపక్క రెండింటి సరాసరిని మధ్య దూరంతో గుణిస్తారు. నేల ఎత్తుపల్లాలు ఎక్కువ ఉన్నచోట అడ్డకొలతలు దగ్గర దగ్గరగా తీయాలి.

3. నేలను బట్టి రేటు

168 ఘనపు మీటర్లు అని తేలింది. ఇప్పుడు కూలి. ఇక్కడ చాలామంది మోసపోతారు, ఎందుకంటే నేల అంతా ఒకే రకం కాదు. మన వైపు పైన ఎర్రమట్టి, కింద గరుసు, దాని కింద బండ. ఎర్రమట్టిని పార పెట్టి లాగవచ్చు. గరుసుకు గడ్డపార ఎత్తాలి. బండకు మందు పెట్టాలి. అది లైసెన్సు ఉన్నవాళ్ళ పని, మనం దగ్గరికి కూడా పోరాదు.

మన కుంటలో పై మీటరు ఎర్రమట్టి, కింది మీటరు గరుసు అనుకుందాం. పై మీటరులో పైన 12 × 12, నడుమ 10.5 × 10.5, కింద 9 × 9. మూడో రకం సూత్రం వేస్తే (144 + 441 + 81) ÷ 6 = 111 ఘనపు మీటర్లు. కింది మీటరులో (81 + 225 + 36) ÷ 6 = 57 ఘనపు మీటర్లు. రెండూ కలిపితే మళ్ళీ 168. లెక్క సరిపోయింది.

ఒక మనిషి రోజుకు ఎంత తవ్వుతాడో ఊహించి చెప్పకూడదు, ఒకరోజు పని చూసి కొలవాలి. ఉదాహరణకు పది మంది ఒకరోజు 5 × 4 మీటర్ల మేర 0.75 మీటరు లోతు ఎర్రమట్టి తీసినారంటే అది 15 ఘనపు మీటర్లు. మనిషికి ఒకటిన్నర. అదే జట్టు గరుసులో మనిషికి ఒక ఘనపు మీటరే తీసిందనుకుందాం. రోజు కూలి లెక్క సులువు కోసం 300 రూపాయలు అనుకుందాం.

ఎర్రమట్టి: 111 ÷ 1.5 = 74 పనిదినాలు.
గరుసు: 57 ÷ 1 = 57 పనిదినాలు.
మొత్తం 131 పనిదినాలు. కూలి 131 × 300 = 39,300 రూపాయలు.

ఇప్పుడు ఒకాయన వచ్చి "అంతా మట్టే కదా, ఒకే రేటు" అంటాడు. ఎర్రమట్టి రేటు ఘనపు మీటరుకు 200 రూపాయలు. 168 × 200 = 33,600 రూపాయలు. తేడా 5,700 రూపాయలు. పని దినాలేమో 131 అట్లనే ఉంటాయి. అప్పుడు రోజుకు 300 రావలసిన మనిషికి 256 రూపాయలే పడుతుంది. గడ్డపార ఎత్తినప్పుడు చేతులు బొబ్బలెక్కింది ఆ 57 ఘనపు మీటర్లలోనే. తక్కువైంది కూడా అక్కడే. అందుకే "గరుసు తగిలింది" అని చెప్పి ఆ మట్టంలో ఆపి, కొలిచి, రాయించుకుని తరువాత కిందికి దిగాలి.

4. లీడు, లిఫ్టు, ఇతర ఖర్చులు

తవ్విన మట్టిని తట్టలో ఎత్తి ఎంత దూరం పోస్తున్నామో దాన్ని లీడు అంటారు. ఎంత ఎత్తుకు మోస్తున్నామో దాన్ని లిఫ్టు అంటారు. కేంద్ర ప్రజాపనుల శాఖ రేట్లలో మామూలు తవ్వకం రేటు 50 మీటర్ల లీడు, ఒకటిన్నర మీటరు లిఫ్టు వరకే వర్తిస్తుంది. అది దాటితే అదనపు రేటు కలపాలి. మన రాష్ట్రంలో ఇంజనీర్లు వాడే రేట్ల పట్టీని ఎస్.ఎస్.ఆర్. అంటారు. గుత్త మాట్లాడే ముందు మట్టి ఎక్కడ పోయాలో చూసి రావడం మరువకండి. "అదిగో ఆ గట్టు మీద" అన్నమాట చెవికి చిన్నది, తలమీద తట్టకు పెద్దది.

అంచనాలో ఇంకా కలపవలసినవి: కంప కొట్టి నేల శుభ్రం చేయడం, గడ్డపారలకు కొలిమిలో పదును పెట్టించడం, ఊట నీళ్ళు తోడడం, వాలులు చదును చేయడం, తాగునీళ్ళు, నీడ. ఇవి రాయకపోతే ఈ ఖర్చులన్నీ కూలి లోపల నుంచే పోతాయి.

5. గుంత మట్టి, ట్రాలీ మట్టి

తవ్విన మట్టిని మళ్ళీ అదే గుంతలో పోస్తే పట్టదు, కుప్ప మిగులుతుంది. నేలలో బిగిసి ఉన్న మట్టి తవ్వగానే గుల్లబారుతుంది. మామూలు నేల నూటికి 20 నుంచి 30 వంతులు ఉబ్బుతుంది. రాయి ఇంకా ఎక్కువ. నూటికి 25 అనుకుంటే మన 168 ఘనపు మీటర్లు ట్రాలీల్లో 210 అవుతాయి. ట్రాలీకి 3 ఘనపు మీటర్లు పడితే 70 ట్రిప్పులు.

కాబట్టి తవ్వేవారికి గుంత కొలత, తోలేవారికి ట్రాలీ కొలత. ఏ కొలత మీద రేటు చెప్పినారో ముందే తేల్చుకోవాలి. అట్లనే కట్ట పోసేటప్పుడు నీళ్ళు చల్లి దిమ్మిస కొడితే మట్టి మళ్ళీ అణుగుతుంది. 210 ట్రాలీ మట్టి వచ్చింది కదా, 210 కట్ట లేస్తుందని అనుకోకూడదు.

6. ప్రాణం కన్నా పెద్ద లెక్క లేదు

మన కుంటకు వాలు తీయకుండా నిలువుగా 6 × 6 × 2 తవ్వితే 72 ఘనపు మీటర్లే. ఖర్చు సగం కూడా కాదు. అందుకే కొందరు నిలువుగా తవ్వమంటారు. మిత్రులారా, ఒక ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నుకు పైగా బరువు ఉంటుంది. గోడ విరిగి మీద పడితే బయటికి లాగే సమయం కూడా ఉండదు. ఒకటిన్నర మీటరు దాటి లోతు పోతే వాలు తీయాలి, లేదా పలకలు, గుంజలు పెట్టి గోడ ఆపాలి. తవ్విన మట్టిని అంచు మీదనే కుప్ప వేయకుండా కనీసం ఒకటిన్నర మీటరు దూరంగా పోయాలి. వాన పడిన మరుసటి రోజు గోడలు నెర్రెలిచ్చినాయేమో చూసి దిగాలి. వాలు తీసే ఖర్చును అంచనాలో మొదటే రాస్తే తరువాత ఎవరూ "అది దండగ" అనలేరు.

7. పెద్దలు వేసిన లెక్క

ఈ లెక్కలు ఇంగ్లీషువాళ్ళు వచ్చినాక పుట్టినవి కావు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించినాడు. అక్కడి శాసనంలో కట్ట కొలతలు ఉన్నాయి, పని లెక్క కూడా ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి నూరు బండ్లు, పని పట్టిన కాలం రెండేళ్ళు. ఒక్కరోజు కూడా పని ఆగలేదనుకుంటే 1000 × 730 = 7,30,000 పనిదినాలు. మన కుంటకు 131. రాజుగారి పేరుతో పాటు కూలీల సంఖ్య కూడా రాయి మీద చెక్కించడం నాకు చాలా నచ్చింది. పేర్లు మాత్రం రాయలేదు. ఆ వెయ్యి మందిలో మనలాంటి ఇండ్లవాళ్ళు ఉండే ఉంటారు.

8. మీకు లెక్కలు

(1) పైపు కాలువ పొడవు 60 మీటర్లు, వెడల్పు 0.45 మీటరు, లోతు 0.6 మీటరు. ఘనపు మీటరుకు 200 రూపాయలైతే కూలి ఎంత?

(2) గుండ్రటి ఇంకుడు గుంత వ్యాసం 1 మీటరు, లోతు 1.4 మీటర్లు. మట్టి ఎంత? నూటికి 25 ఉబ్బితే కుప్ప ఎంత?

(3) పైన 10 × 10, అడుగున 4 × 4, లోతు 2 మీటర్ల కుంటను సూత్రంతో ఒకసారి, ముక్కలు చేసి ఒకసారి లెక్కించండి. రెండు జవాబులు ఒకటి కావాలి.

జవాబులు వచ్చే సంచికలో. సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ తండాలోనో, ఊరిలోనో తవ్విన ఒక గుంతను టేపు లేకపోతే మీటరుకొక ముడి వేసిన తాడుతో కొలిచి రండి. అమ్మను, నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని లెక్క చెప్పండి. లంబాడీలో చెప్పినా, కన్నడంలో చెప్పినా 168 మాత్రం 168 గానే ఉంటుంది.

– మీ తోటి విద్యార్థి, 10వ తరగతి