ఛాయాచిత్రంలో రంగు తప్పినప్పుడు

విద్యార్థులారా! ఉగాది నాడు మందిరంలో తీసిన ఛాయాచిత్రాలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. తాతగారి తెల్లని పంచె దీపారాధన చిత్రంలో నారింజ రంగుగా, వాకిలి నీడలో తీసిన చిత్రంలో నీలంగా, ట్యూబులైటు కింద తీసిన చిత్రంలో లేత ఆకుపచ్చగా కనిపించవచ్చు. పంచె ఒక్కటే. మరి రంగు ఎందుకు మారింది? ఇలాంటప్పుడు కెమెరా పాడైందని చాలామంది అనుకొంటారు. తరచుగా కారణం కెమెరా కాదు, వెలుగు. ఆ కారణాన్ని ఎలా కనిపెట్టాలో, చిత్రాన్ని ఎలా సరిచేయాలో ఈ పాఠంలో తెలుసుకొందాం.

వెలుగుకూ రంగు ఉంటుంది

తెల్లగా కనిపించే సూర్యకాంతిలో అనేక రంగులు కలిసి ఉన్నాయని న్యూటన్ గాజు పట్టకం సాయంతో నిరూపించాడు. ఆ రంగుల పాళ్లు అన్ని వెలుగులలోనూ సమానంగా ఉండవు. నూనె దీపపు వెలుగులో ఎరుపు, పసుపు పాళ్లు ఎక్కువ. గోడ నీడలో నిలుచున్నప్పుడు మన మీద పడేది నేరుగా వచ్చే ఎండ కాదు, నీలాకాశం నుండి వచ్చే వెలుగు. అందుచేత అందులో నీలం ఎక్కువ. అనేక ట్యూబులైట్ల వెలుగులో ఆకుపచ్చ పాలు ఎక్కువగా ఉంటుంది.

ఎరుపు నుండి నీలం వరకు ఉండే ఈ తేడాను కెల్విన్ అనే ప్రమాణంతో చెబుతారు. కొవ్వొత్తి వెలుగు సుమారు 1,900 కెల్విన్లు, ఇంటిలోని పసుపు బల్బు వెలుగు సుమారు 2,700, మధ్యాహ్నపు ఎండ సుమారు 5,500, నీడలోని వెలుగు 7,000 లేదా అంతకు మించి ఉంటుంది. సంఖ్య పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపుకు జరుగుతుంది.

కన్ను సవరించుకొంటుంది

దీపం ముందు పుస్తకం తెరిచినా కాగితం మనకు తెల్లగానే తోస్తుంది. వెలుగులోని రంగును మన మెదడు తనంతట తాను తీసివేస్తుంది. అయితే వెలుగు ఎటువంటిదో తెలియనప్పుడు మెదడు కూడా తికమకపడుతుంది. 2015 ఫిబ్రవరిలో ఒక గౌను ఛాయాచిత్రం ప్రపంచమంతా తిరిగింది. ఆ గౌను కొందరికి నీలం, నలుపు రంగులలో కనిపించగా, మరికొందరికి తెలుపు, బంగారు రంగులలో కనిపించింది. నిజానికి అది నీలం, నలుపు గౌనే.

మెదడు చేసే ఈ పనినే కెమెరాలో వైట్ బ్యాలెన్స్ అనే అమరిక చేస్తుంది. దానిని ‘ఆటో’లో ఉంచితే కెమెరా దృశ్యమంతటినీ చూసి, తెలుపు ఏదో ఊహిస్తుంది. దృశ్యమంతా ఒకే రంగుతో నిండితే ఆ ఊహ తప్పవచ్చు. పసుపు చీరలు కట్టుకొన్నవారు చిత్రం నిండా ఉంటే, ఆ పసుపు వెలుగుదేనని భ్రమించి కెమెరా నీలం కలుపుతుంది. అప్పుడు చీరలు వెలవెలబోతాయి.

కారణం కనిపెట్టే క్రమం

1. చిత్రంలో తెల్లని వస్తువును వెతకండి. పంచె, కాగితం, మల్లెపూవు, ఏదైనా సరే. అది ఏ రంగు వైపు తిరిగిందో అదే తప్పిన రంగు.

2. అదే చిత్రాన్ని వేరొక తెర మీద చూడండి. ఫోనులో రాత్రిపూట వాడే ‘నైట్ లైట్’ పనిచేస్తూ ఉంటే తెర అంతా పసుపుగా కనబడుతుంది. అప్పుడు తప్పు చిత్రంలో లేదు.

3. అమరికను చూడండి. నిన్న ఇంటిలో ‘బల్బు’ గుర్తు మీద ఉంచి, ఈనాడు ఎండలో అలాగే తీస్తే చిత్రాలన్నీ నీలంగా వస్తాయి.

4. చుట్టూ చూడండి. చెరకు తోట పక్కన నిలుచున్నవారి ముఖం మీద ఆకుల పచ్చదనం పడుతుంది. నీలి టార్పాలిన్ పందిరి కింద అందరూ నీలంగా కనిపిస్తారు.

5. రెండు వెలుగులు కలిశాయేమో గమనించండి. ఒక చెంప మీద కిటికీ వెలుగు, మరొక చెంప మీద బల్బు వెలుగు పడితే ఒక్క అమరికతో రెండూ సరికావు. బల్బు ఆర్పివేయండి, లేదా తెర దించండి.

సరిచేయడం

అన్నింటికన్నా మంచి మార్గం తీయకముందే జాగ్రత్తపడడం. మనిషి నిలబడిన చోటనే, అదే వెలుగులో ఒక తెల్ల కాగితం పట్టించి, కెమెరాలోని ‘కస్టమ్’ అమరికకు దానిని చూపండి. “ఇక్కడ తెలుపు ఇది” అని కెమెరాకు చెప్పినట్లవుతుంది. టార్పాలిన్ కింద మాత్రం ఇది చాలదు. నీలి గుడ్డ ఎరుపును చాలావరకు అడ్డుకొంటుంది. లేని రంగును తరువాత తెచ్చిపెట్టడం కష్టం. కనుక పందిరి అంచుకు, బయటి వెలుగులోకి రమ్మని పిలవడమే మేలు.

తీసిన తరువాత సరిచేయాలంటే ఎదురు రంగును కొద్దికొద్దిగా కలపాలి. పసుపుకు ఎదురు నీలం. ఆకుపచ్చకు ఎదురు మెజెంటా అనే ముదురు గులాబీ రంగు. ముందుగా అసలు చిత్రానికి ఒక ప్రతిని దాచుకోవడం మరువకండి.

ఎక్కడ ఆగాలి?

దీపాల వరుసను తీసిన చిత్రంలో బంగారు కాంతి తప్పు కాదు. అది ఆ సాయంకాలపు వెలుగు. దానిని పూర్తిగా తుడిచివేస్తే దీపాలు వెలిగిన సంగతే చిత్రంలో మిగలదు.

మరొక ముఖ్యమైన మాట. వెలుగు రంగును సరిచేయడం వేరు, మనిషి ఛాయను మార్చడం వేరు. కొన్ని ఫోన్లు ముఖాన్ని అడగకుండానే తెల్లబరుస్తాయి. ఆ అమరికను ఆపివేయండి. పంచె తెల్లగా వచ్చేవరకు సరిచేయండి, అక్కడితో ఆగండి. నానమ్మ చామనఛాయ చామనఛాయగానే ఉండాలి. రేపు ఈ చిత్రాలను చూసి పెద్దలను గుర్తుపట్టవలసినవారు మీ తరువాతి పిల్లలు. వారికి మనం నిజమైన రంగులనే అందించాలి.

అభ్యాసం

ఒకే తెల్ల కాగితాన్ని ఎండలో, గోడ నీడలో, బల్బు కింద, దీపం ముందు పెట్టి, కెమెరాను ‘ఎండ’ గుర్తు మీదనే ఉంచి నాలుగు చిత్రాలు తీయండి. కాగితం ఏ చిత్రంలో ఏ రంగుగా కనిపించిందో, అందుకు కారణమేమిటో ఐదు వాక్యాలలో వ్రాయండి.