నెలజీతము – దినకూలి

బాలబాలికలారా! ఒకని సంపాదన నెంచునపుడు "ఎంత?" యని మాత్రమే యడుగుట చాలదు. "ఎన్ని దినములు?" అనియు అడుగవలెను.

స్థిరోద్యోగము గల ఉపాధ్యాయునకు, తపాలా గుమాస్తాకు నియామకపత్రము, నెలజీతము, సెలవులు గలవు. ఇట్టిది వ్యవస్థీకృతమైన పని. ఇవి లేనిది అవ్యవస్థీకృతము. ఆఫ్రికాలోని ఘానాదేశపు రాజధానియగు అక్రా నగరమున పేదల బ్రదుకును పరిశీలించిన కీత్ హార్ట్ అను పండితుడు 1973లో ప్రకటించిన వ్యాసమున ఈ భేదమును విశదపరచెను. వారు పనిలేనివారు కారనియు, లెక్కల కెక్కని పనులు చేయువారనియు ఆయన చూపెను.

మన సీమలోనే చూడుడు. మదనపల్లె టొమాటో మార్కెట్టులో హమాలీ పని సరకు రాకనుబట్టి యుండును. సరకు రాని దినమున కూలియు రాదు. నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేయువానికి చీర లెక్కన మజూరి. కండెలు చుట్టు ఇల్లాలికి వేరుగా కూలి లేదు. ఒక్కని సంపాదనగా తోచునది ఇద్దరి శ్రమ. పుంగనూరు వీధులలో తోపుడుబండివానికి వాన కురిసిన నష్టమే. కుప్పమునుండి పలువురు తెల్లవారకమునుపే రైలెక్కి బెంగుళూరునకు పనికి పోవుదురు. ప్రయాణపు గంటలకు కూలి లేదు.

ఒక లెక్క చేయుదము. గుమాస్తా జీతము నెలకు 15,000 రూపాయలనియు, కూలివానికి దినమునకు 700 రూపాయలనియు అనుకొనుడు. 26 దినములు పని దొరికిన కూలివానికి 18,200 వచ్చును, అతడే మిన్న. 18 దినములే దొరికిన 12,600. జ్వరము తగిలి 8 దినములే పోగలిగిన 5,600. వేతనముతో కూడిన సెలవు గల గుమాస్తాకు జ్వరము వచ్చినను 15,000 రూపాయలే. కాబట్టి అసలు భేదము మొత్తమున లేదు, నిలుకడలో నున్నది.

1948లో కనీస వేతనముల చట్టము చేయబడెను. దానిని, మరి మూడు చట్టములను కలిపి 2019లో వేతన స్మృతిని రూపొందించిరి. అయినను హాజరుపట్టీ గాని చీటీ గాని లేనివాడు తనకు రావలసినదానిని రుజువుచేయుట కష్టము.

ఇచ్చట మీ చదువు అక్కరకు వచ్చును. ఇంట నొక నోటుపుస్తకము పెట్టి, తేది, పని, గంటలు, ముట్టిన పైకము, బాకీ ప్రతిదినము వ్రాయుడు. నెల చివర కూడి చూచి పెద్దలకు చదివి వినిపింపుడు. తండ్రి కూలిని వ్రాయునపుడు తల్లి చుట్టిన కండెలను మరువకుడు.