పత్రికావ్యాపారమున జీవనోపాధి

పాఠశాల విడిచిన పిమ్మట నేమి చేయుదువని యడిగినచో, చదువునం దభిరుచిగల బాలబాలికలలో నొకరిద్దఱైనను ‘పత్రికలో వ్రాయుదును’ అని చెప్పుచుందురు. ‘పత్రికను అమ్ముదును’ అని చెప్పినవారిని నేనింతవఱకు చూడలేదు. ముప్పదియేండ్లకు పైగా ఆ పనియే చేసి విశ్రాంతి పొందినవాడను నేను. ఈ పాఠశాలలోనే చదివినవాడను. కాబట్టి వార్షికసంచికకు వ్యాసము వ్రాయుమని కోరినప్పుడు, వ్రాయువారిని గూర్చి గాక, వ్రాసినదానిని పాఠకుని చేతికి చేర్చి, అందుల కగు వ్యయమును రాబట్టువారిని గూర్చి చెప్ప నిశ్చయించితిని. తల్లిదండ్రులు కూడ ఈ సంచికను చదువుదురు గనుక లాభనష్టములు రెండును దాచక చెప్పెదను.

పత్రికాకార్యాలయమున సంపాదకవర్గము గాక మఱి రెండు శాఖలు తప్పక యుండును. ఒకటి సర్క్యులేషను శాఖ. ఊరూర ఏజెంట్లను కుదుర్చుట, వారివద్ద ధరావతు పుచ్చుకొనుట, కట్టలను బస్సులకును రైళ్లకును వేళ కందించుట, చందాదారుల చిరునామాలను సరిచూచుట, అమ్ముడుపోక తిరిగివచ్చిన ప్రతులను లెక్కించుట దీని పని. రెండవది ప్రకటనల శాఖ. పత్రికలోని ఖాళీ స్థలమును వర్తకులకును కంపెనీలకును అమ్ముట దీని పని. దినపత్రికలలో నీ స్థలమును సెంటీమీటర్ల లెక్కను, మాసపత్రికలలో పుట, అరపుట, పావుపుట లెక్కను అమ్ముదురు. పైయట్ట వెనుకవైపునకు వెల హెచ్చు.

ఒక చిన్న లెక్క వేసి చూపెదను. అంకెలు ఉదాహరణకు మాత్రమే. 20 రూపాయల వెలగల యొక మాసపత్రికను 3000 ప్రతులు అచ్చువేసితిమనుకొందము. కాగితము, అచ్చు, కుట్టు, జీతములు, తపాలా అన్నియు కలిసి ప్రతి యొక్కింటికి 18 రూపాయలగును; వెరసి 54,000. ఏజెంటునకు వెలలో నాలుగవవంతు కమీషను పోగా మనకు ప్రతికి 15 రూపాయలు వచ్చును. అచ్చువేసినవానిలో 900 ప్రతులు అమ్ముడుపోక తిరిగివచ్చినవి. అమ్మిన 2100 ప్రతులకు రాబడి 31,500. లోటు 22,500. అనగా వెలయిచ్చి కొన్న పాఠకులు పత్రిక ఖర్చును పూర్తిగా భరించుట లేదు. ఈ లోటును పూడ్చునది ప్రకటన. ఆఱు పుటలను పుటకు 5000 చొప్పున అమ్మినచో 30,000. అందులో ప్రకటనల ఏజన్సీకి వాడుకగా నిచ్చు నూటికి 15 వంతు కమీషను తీసివేయగా 25,500. ఇప్పుడు మిగులు 3000 రూపాయలు. వచ్చు నెలలో మఱి 200 ప్రతులు అధికముగా తిరిగివచ్చెనా, ఆ మూడువేలును పోయినవే. లోపలి కథ యెంత రసవత్తరమైనను ఆ పత్రిక ఆయుర్దాయము ఆ తిరుగుకట్టపై నాధారపడియున్నది.

ఈ సంగతిని మనవారిలో ముందుగా గుర్తించినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, బొంబాయి చేరి, 1893లో అక్కడ అమృతాంజనమును తయారుచేయ నారంభించిరి. సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టెడివారని ప్రసిద్ధి. తలనొప్పి తగ్గినవాడు మఱునాడు అంగడికి పోయి అదే డబ్బీ నడుగును గదా! 1908లో ఆయన బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించిరి. 1914లో అది మద్రాసునుండి దినపత్రికగా వెలువడెను. 1924లో భారతి మాసపత్రిక పుట్టెను. తైలపు వ్యాపారమున వచ్చిన ధనము పత్రికలకును గ్రంథములకును ఆధారమైనది. పంతులుగారిని దేశోద్ధారకులని పొగడువారు అనేకులు గలరు. వారి వ్యాపారదక్షతను పరిశీలించువారు కొలదిమంది. నా యభిప్రాయమున ఆ రెండింటిని విడదీయుటకు వీలులేదు. వ్యాపారము సాగనిచో భారతి సాగియుండదు.

రెండవ యుదాహరణము మన కాలమునకు దగ్గఱది. 1974 ఆగస్టులో రామోజీరావుగారు ఈనాడు దినపత్రికను విశాఖపట్టణమున నారంభించిరి. అప్పటికి విశాఖవాసులకు తెలుగు దినపత్రికలు విజయవాడనుండి రావలసియుండెను. అవి చేరునప్పటికి ప్రొద్దెక్కెడిది. తెల్లవారకముందే గుమ్మములో పత్రిక పడునట్లు చేయుటయే ఆయన మొదటి యెత్తు. ఇది సంపాదకీయ ప్రతిభ కాదు, బట్వాడా ప్రతిభ. పిమ్మట 1989లో జిల్లా సంచికలు వచ్చినవి. వీని మర్మమును విద్యార్థులు శ్రద్ధగా గ్రహింపవలెను. రాష్ట్రమంతటికి ప్రకటన వేయవలెనన్న నొక మండలకేంద్రములోని చెప్పులకొట్టు యజమాని యెక్కడ తూగగలడు? ఆదిలాబాదులోని పాఠకునితో శ్రీకాకుళపు వర్తకునికి పనియేమి? జిల్లాపుట యేర్పడగానే, ఆ జిల్లావరకే తక్కువ వెలకు ప్రకటన వేయుటకు వీలు కలిగెను. అంతకుముందు పత్రికలో ప్రకటన వేయుట తమ పనికాదనుకొన్న చిన్నవర్తకులు ఖాతాదారులైరి. ఊరివార్తకు పాఠకుడును, ఊరి ప్రకటనకు వర్తకుడును ఒకే పుటలో కలిసికొనిరి.

ఇక నా సంగతి. 1984లో డిగ్రీ ముగించి ఒక మాసపత్రికలో ప్రకటనల శాఖయందు చేరితిని. ఆ పత్రికపేరు ఇక్కడ అనవసరము. నాలుగువేల ప్రతులు అచ్చగుచుండగా, ‘పండ్రెండువేలని చెప్పుము, అందఱును అట్లే చెప్పుదురు’ అని పైయధికారి నాకు నేర్పెను. నేనును అట్లే చెప్పుచు ఊరూర తిరిగితిని. ఒక పట్టణములో నొక బట్టలవర్తకుడు నన్ను కూర్చుండబెట్టి, కాఫీ తెప్పించి, నా మాటలన్నియు విని, గుమాస్తాతో ‘బస్సుస్టాండులోని పుస్తకాల దుకాణమున కొకసారి పోయిరమ్ము’ అనెను. గుమాస్తా పదినిమిషములలో తిరిగివచ్చి, ‘ఆ పత్రిక మన యూరికి నలుబది వచ్చును, పదునైదు వెనుకకు పోవును’ అని చెప్పెను. వర్తకుడు కోపపడలేదు. ‘బాబూ, మా కొట్టులో మీటరుబద్ద అందఱికి కనబడునట్లు పెట్టుకొందుము. మీ మీటరుబద్ద యేది?’ అని మాత్రమడిగెను. నేను తల వంచుకొని లేచి వచ్చితిని. సాయంకాలమునకు ఆ బజారులో నా మాట వినువాడు లేకపోయెను. సిగ్గుతో బాటు నష్టమును కలిగినది. ఆ నెల నా కమీషను సున్న.

ఆ మీటరుబద్ద మన దేశమున లేకపోలేదు. 1948లో ప్రకటనకర్తలు, ఏజన్సీలు, పత్రికాధిపతులు కలిసి ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ అను సంస్థను స్థాపించిరి. సభ్యపత్రికలు అచ్చువేసిన ప్రతులను గాక, వెలకు అమ్ముడుపోయిన ప్రతులను లెక్క చూపవలెను. ఆడిటర్లు పుస్తకములను పరీక్షింతురు. ఆఱునెలల కొకమాఱు ధ్రువపత్రము వెలువడును. నేను ఏడాది తిరుగకముందే మఱియొక పత్రికకు మాఱి, అక్కడ ఏజెంట్ల తిరుగుప్రతుల పుస్తకమును సంచిలో పెట్టుకొని వర్తకులవద్దకు పోవ నారంభించితిని. సంఖ్య చిన్నదని కొందఱు పెదవి విఱిచిరి. మూడేండ్లకు ఆ బట్టలవర్తకుడే దసరా సంచికకు పావుపుట యిచ్చెను. బేరమాడకపోలేదు సుమా!

తల్లిదండ్రులు తప్పక యడుగు ప్రశ్న యొకటి గలదు: అచ్చుపత్రికలు మూతపడుచున్న యీ కాలమున పిల్లలను ఆ త్రోవను పంపవచ్చునా? భయము నిరాధారము కాదు. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయెను. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ప్రారంభించి అనేక భాషలకు వ్యాపింపజేసిన చందమామ, 2007లో చేతులు మాఱి, కొన్నియేండ్లకే నిలిచిపోయినది. 2020లో కరోనా కాలమున మఱికొన్ని తెలుగు వారపత్రికలు అచ్చు నాపినవి. ప్రకటనల ధనములో పెద్దభాగము గూగుల్, మెటా వంటి సంస్థలకు పోవుచున్నది. అచ్చుపత్రికయే శాశ్వతమని నమ్మి పిల్లవానిని పంపుట వివేకము కాదు. కాని పని మాయమైపోలేదు; చోటు మాఱినది. పాఠకుడు చేతిఫోనులో చదువుచున్నాడు. ఎవడెంతసేపు చదివెనో, ఏ ప్రకటనను తాకెనో లెక్క క్షణములో తెలియుచున్నది. ఆ లెక్కను చదివి, వర్తకునికి నచ్చజెప్పి, చందా కట్టించువారు నేడును కావలసియున్నారు. అబద్ధపు లెక్కలకును కొఱత లేదు: యంత్రములచేత తాకించి, పాఠకులని చూపువారు గలరు. నా పైయధికారి పండ్రెండువేలు ఇప్పుడు కోట్లైనవి, అంతే భేదము.

చదువు సంగతి క్లుప్తముగా చెప్పెదను. ఇంటర్మీడియటు పిమ్మట బి.ఏ. లేక బి.కాం. చదివి, ఆ మీద పత్రికారచనయో, ప్రకటనకళయో అభ్యసింపవచ్చును. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పత్రికారచనాశాఖ 1954నుండి యున్నది. ఢిల్లీలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ 1965లోను, అహమ్మదాబాదులోని మైకా 1991లోను ఏర్పడినవి. వీనిలో ప్రకటన, మార్కెటింగు విద్యలు నేర్పుదురు. మైకాలో రుసుము హెచ్చు. సామాన్య కుటుంబములవారు ముందుగా విచారించుకొనవలెను. కళాశాలకన్న మున్ను ఇంటియొద్దనే నేర్వదగినవి రెండు గలవు: తప్పులేని తెలుగు, జమాఖర్చు. తెలుగు వ్రాయలేనివాడు తెలుగువర్తకునికి ప్రకటన వ్రాసియియ్యలేడు. జమాఖర్చు తెలియనివాడు పైన చూపిన మూడువేల మిగులును కనిపెట్టలేడు. ఆంగ్లము అవసరమే, కాని అది బొంబాయి ఏజన్సీతో మాటలాడుటకు. జిల్లా బజారులో దాని పని తక్కువ.

అమ్మాయిలకు ఈ పని తగదని నా కాలమున ననెడివారు. ఊళ్లు తిరుగవలెనని, బసలు దొరకవని. నేను విశ్రాంతి పొందునాటికి మా శాఖలో అందఱికన్న నెక్కువ ప్రకటనలు తెచ్చుచుండినది ఒక యువతి. ఆమె వర్తకులను అడుగు మొదటి ప్రశ్న ‘ఎంత ఇచ్చెదరు?’ అని కాదు, ‘మీ సరుకు కొనువారెవరు?’ అని.

మన వార్షికసంచిక చివర కూడ ప్రకటనల పుటలు వేయవచ్చును గదా! తొమ్మిదవ, పదవ తరగతులవారిలో నలుగురు వచ్చు సంవత్సరము ఆ పనిని తామే చేసెదమని ప్రధానోపాధ్యాయులవారిని వేడుకొనవచ్చును. మొదట కార్యాలయమున కడిగి, ఎన్ని ప్రతులు అచ్చగునో, అందులో ఎన్ని ఇండ్లకు చేరునో, ఎన్ని బీరువాలో మిగిలిపోవునో కాగితముపై వ్రాసికొనుడు. పుస్తకముల దుకాణము, సైకిళ్ల దుకాణము, యూనిఫారములు కుట్టువారు, మిఠాయికొట్టు, వీరిలో మన పిల్లలవలన బేరము జరుగువారెవరో జాబితా వేసికొనుడు. నిరుటి సంచిక నొకదానిని చేతబట్టుకొని, సాయంకాలపు బేరముల వేళ గాక, మధ్యాహ్నము కొట్టు ఖాళీగా నుండునప్పుడు పొండు. ప్రతుల సంఖ్యను ఆయన అడుగకముందే చెప్పుడు.