నిర్మోచన హార్మోను, కీటకాల సహజ రోగనిరోధకత: పండ్ల ఈగకూ పట్టుపురుగుకూ గల భేదం

కీటకం పెరగాలంటే పాత చర్మాన్ని విడువక తప్పదు. ఈ నిర్మోచనాన్ని నడిపించే ఎక్డైసోన్ హార్మోనును 1954లో బుటెనాండ్ట్, కార్ల్‌సన్ 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుండి వేరుచేశారు. లభించిన స్ఫటికాలు 25 మిల్లీగ్రాములు మాత్రమే. ప్రోథొరాసిక్ గ్రంథులు స్రవించే ఈ పదార్థం ఇతర కణజాలాలలో 20-హైడ్రాక్సీ ఎక్డైసోన్‌గా మారి, కణకేంద్రకంలోని గ్రాహకం ద్వారా జన్యువులను ప్రేరేపిస్తుంది. చాలాకాలం దీనిని పెరుగుదల హార్మోనుగానే బోధించారు. రోగనిరోధకతపై దీని ప్రభావం తరువాత వెల్లడైంది.

కీటకాలలో ప్రతిరక్షకాలు ఉండవు. హీమోలింఫ్‌లోని కణాలు సూక్ష్మజీవులను మింగుతాయి లేదా చుట్టుముట్టి బంధిస్తాయి. మెలనిన్ ఏర్పడి గాయాన్ని, శత్రువును నల్లబరుస్తుంది. కొవ్వు దేహం సూక్ష్మజీవ నాశక పెప్టైడ్లను హీమోలింఫ్‌లోకి విడుదల చేస్తుంది. హార్మోను ప్రభావం ఎక్కువగా పరిశోధింపబడినది ఈ చివరి అంశంపైనే.

డ్రోసోఫిలా పండ్ల ఈగలో 20-హైడ్రాక్సీ ఎక్డైసోన్ ఈ పెప్టైడ్ జన్యువుల ప్రేరణను పెంచుతుందని, జువెనైల్ హార్మోను దానిని అణచివేస్తుందని ఫ్లాట్, సహపరిశోధకులు 2008లో నిరూపించారు. బాక్టీరియా కణకవచంలోని పెప్టిడోగ్లైకాన్‌ను గుర్తించే పీజీఆర్‌పీ-ఎల్‌సీ గ్రాహకం తయారీయే ఎక్డైసోన్ అధీనంలో ఉన్నదని 2013లో తేలింది. అనగా హార్మోను లేనిచో ఈగ శత్రువును సరిగా గుర్తించలేదు.

పట్టుపురుగులో పరిస్థితి తలక్రిందులు. 2010లో టియాన్, సహపరిశోధకులు కొవ్వు దేహంలోని జన్యువులను మూడు దశలలో పోల్చారు. నాలుగవ నిర్మోచన కాలంలో రెండు హార్మోనులూ అధికం; అయిదవ దశలో మేత మేసే రోజులలో రెండూ ఉండవు; ప్యూపాకు ముందరి దశలో ఎక్డైసోన్ అధికం, జువెనైల్ హార్మోను స్వల్పం. ఆరు పెప్టైడ్ జన్యువులు ప్యూపాకు ముందరి దశలో కంటే నిర్మోచనంలోనే అధికంగా పనిచేశాయి. జువెనైల్ హార్మోనును ఇచ్చినప్పుడు పెప్టైడ్లు పెరిగాయి. 20-హైడ్రాక్సీ ఎక్డైసోన్‌ను ఇచ్చినప్పుడు తగ్గాయి. ఎక్డైసోన్ గ్రాహకాన్ని ఆర్‌ఎన్‌ఏ అంతరాయంతో నిలిపివేసినప్పుడు ఫలితం తారుమారైంది.

కాబట్టి ఈగపై లభించిన ఫలితాన్ని లెపిడోప్టెరా పురుగులకు యథాతథంగా అన్వయించడం శాస్త్రీయం కాదు. విద్యార్థి వ్యాసాలలో ఈ పొరపాటు తరచుగా కనిపిస్తున్నది.

పట్టు రైతులు నిర్మోచనాన్ని ‘జ్వరం’ అంటారు. ఆ సమయంలో మేత ఆపి, పడకను పొడిగా ఉంచి, పురుగులు లేచిన తరువాత క్రిమిసంహారక పొడి చల్లడం స్థిరపడిన పద్ధతి. మృదువైన కొత్త చర్మం గాయాలకు, శిలీంధ్రానికి సులభంగా లోబడుతుంది కనుక ఈ జాగ్రత్త సమంజసమే. అయితే పెప్టైడ్ల దృష్ట్యా చూస్తే జ్వరం కంటే గూడు అల్లే వేళయే బలహీనమైనది. చంద్రికలకు ఎక్కించే ముందు శుభ్రతను సడలించే అలవాటు ఈ కోణంలో పునఃపరిశీలనార్హం. పురుగులన్నీ ఒకేసారి పక్వానికి రావడానికి మల్బరీ ఆకుపై ఫైటోఎక్డైస్టెరాయిడ్లను పిచికారీ చేసే ప్రయోగాలలో గూళ్ళ దిగుబడితో పాటు గ్రాసరీ, మస్కార్డిన్ సోకిన పురుగుల లెక్కను కూడా నమోదు చేయాలి.

సస్యరక్షణలో ఇదే ప్రశ్న మరొక రూపంలో ఎదురవుతుంది. టెబుఫెనోజైడ్, మెథాక్సీఫెనోజైడ్ ఎక్డైసోన్ గ్రాహకాన్నే ప్రేరేపించి గొంగళిపురుగులను అకాల నిర్మోచనానికి గురిచేస్తాయి. వేప గింజలలోని అజాడిరాక్టిన్ ఎక్డైసోన్ స్రావాన్ని తగ్గిస్తుంది. మొదటి రెండింటిని, అజాడిరాక్టిన్‌ను ‘కీటక పెరుగుదల నియంత్రకాలు’ అనే ఒకే శీర్షిక క్రింద చేర్చడం వాడుకలో ఉన్నా, హార్మోను దృష్ట్యా అవి ఎదురెదురు దిశలలో పనిచేస్తాయి. బాక్టీరియా, వైరస్, శిలీంధ్ర నాశినులతో వాటిని కలిపి సిఫారసు చేసేటప్పుడు మిశ్రమ ప్రభావాన్ని ఆయా పురుగుపైనే, ఆయా దశలోనే పరీక్షించాలి. న్యూక్లియర్ పాలీహెడ్రోసిస్ వైరస్‌లు సైతం ఎక్డైసోన్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును స్వయంగా తయారుచేసుకుని, ఆతిథేయి పురుగు నిర్మోచనాన్ని ఆపుతాయి. ఆ ఎంజైము జన్యువును తొలగించిన వైరస్ సోకిన పురుగులు తక్కువ మేసి, త్వరగా చనిపోయాయి.