అరవై ఏళ్లకు తొలి ప్రేమ నవల

ఇంగ్లండుకు చెందిన బెట్టీ నీల్స్ తొలి నవల 1969లో అచ్చయింది. అప్పటికి ఆమెకు అరవై ఏళ్లు కావస్తున్నాయి. వృత్తిరీత్యా నర్సు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు సేవ చేశారు. డచ్చి దేశస్థుణ్ణి పెళ్లాడి పుష్కరకాలం నెదర్లాండ్స్‌లో కాపురం చేశారు. తిరిగి ఇంగ్లండు వచ్చి మళ్లీ ఆసుపత్రి కొలువులో చేరి, విరమణ తర్వాత రాయడం మొదలుపెట్టారు. చదువుకోవడానికి మంచి ప్రేమ నవలలు దొరకడం లేదని గ్రంథాలయంలో ఎవరో ఒకావిడ వాపోతుంటే విని కలం పట్టారని చెబుతారు. ముప్పై ఏళ్ల పైచిలుకు రచనా జీవితంలో ఆమె రాసినవి 134 నవలలు.

ఆ నవలల్లో నాయిక చాలాసార్లు ఇంగ్లీషు నర్సు, నాయకుడు డచ్చి డాక్టరు. రాత్రి డ్యూటీ దిగిన మనిషికి కాళ్లు ఎలా లాగుతాయో, భాష రాని దేశంలో కొత్త కోడలికి ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఆమెకు పుస్తకాలు తిరగేయాల్సిన పని లేకపోయింది. ఆలస్యంగా మొదలుపెట్టేవారి అసలు పెట్టుబడి ఇదే. ఇరవై ఏళ్ల రచయితకు ప్రేమ తెలిసి ఉండవచ్చు. కానీ ఇరవై ఏళ్ల కాపురం తర్వాత కూడా ఒక మనిషి కోసం చెవి ఒగ్గి ఎదురుచూడడం ఎలా ఉంటుందో యాభై దాటిన రచయితకు తెలిసినంతగా తెలియదు. ఉద్యోగం, సంసారం రాతకు అడ్డమని చాలామంది బాధపడతారు. సమయం విషయంలో అది నిజమే. సరుకు విషయంలో మాత్రం ఆ రెండే గని.

ప్రేమ నవల అనిపించుకోవడానికి రెండు షరతులున్నాయి. కథకు వెన్నెముక ఆ ఇద్దరి ప్రేమే కావాలి, చివరికి పాఠకుడి మనసు నిండాలి. ఈ రెండూ వినడానికి తేలిక. ముగింపు ముందే తెలిసిన కథను మూడు వందల పేజీలు చదివించడంలోనే కష్టమంతా ఉంది. ఇద్దరినీ కలవనివ్వనిది ఏమిటన్న ప్రశ్నకు రచయిత దగ్గర గట్టి జవాబుండాలి. ఒక్క అపార్థం మీద కథ నడిపితే, ఇద్దరూ కూర్చుని పది నిమిషాలు మాట్లాడుకుంటే సరిపోయేది కదా అని పాఠకురాలు విసుక్కుంటుంది. ఆ అడ్డు వారి స్వభావంలోంచే పుట్టాలి. ఒకసారి నమ్మి చెడినవాళ్ల బెదురు, ఇంటి బాధ్యత మోస్తూ తన సంగతి మరిచిపోయే అలవాటు, ఎవరి దగ్గరా చెయ్యి చాచలేని అభిమానం లాంటివి వయసుతోపాటు బాగా అర్థమయ్యే అడ్డంకులు.

రాసే తీరు కూడా చూసే కన్నును బట్టే ఉంటుంది. అతన్ని చూడగానే ఆమె గుండె ఝల్లుమందని రాస్తే పాఠకుడికి ఏమీ కనపడదు. బస్సు డిపోలో పనిచేసే ఇద్దరిని ఊహించుకోవచ్చు. వాన కురిసే రాత్రి, ఆఖరి ట్రిప్పు ముగించుకుని వచ్చిన మహిళా కండక్టరు ఆ రోజు కలెక్షను కట్టడానికి కౌంటరు దగ్గర నిలబడింది. సంచీ తడిసింది, నోట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. లోపలి గుమాస్తా విసుక్కోలేదు. నోట్లను ఒక్కొక్కటే విడదీసి, ఎగరకుండా అంచున స్టాంపు ప్యాడు, పంచింగ్ మిషను బరువుగా పెట్టి, ఫ్యాను గాలికి ఆరబెట్టాడు. ఆరేలోగా తన ఫ్లాస్కులోని టీని మూతలోకి వంపి కిటికీలోంచి ఇవతలికి జరిపాడు. ఆమె తాగలేదు. వద్దనీ అనలేదు. మూత చుట్టూ రెండు చేతులూ పెట్టి వెచ్చబెట్టుకుంది. ప్రేమ అనే మాట ఎక్కడా లేదు, అయినా పాఠకుడు మర్నాటి రాత్రి కోసం పేజీ తిప్పుతాడు. ఇలాంటి సన్నివేశాలు కళ్లెదుట జరుగుతూనే ఉంటాయి. వాటిని ఆ రోజే చిన్న నోటుబుక్కులో రెండు వాక్యాలుగా రాసిపెట్టుకునే అలవాటు నవలకు ముందే మొదలుకావాలి.

ఇక వేళ సంగతి. మిల్స్ అండ్ బూన్ ప్రచురణ సంస్థ తరహా ప్రేమ నవల సుమారు 50,000 మాటలు. రోజుకు 300 మాటల చొప్పున వారానికి ఐదు రోజులు రాస్తే వారానికి 1,500, అంటే 34 వారాల్లో, ఎనిమిది నెలలకు చిత్తుప్రతి సిద్ధమవుతుంది. ఇంట్లో పెళ్లిళ్లు, పిల్లల పరీక్షలు, పెద్దల అనారోగ్యాలు కలుపుకున్నా ఏడాది. పూర్తి సెలవు దొరికినప్పుడు రాద్దామనుకునేవారికి ఆ సెలవు రాదు. పందొమ్మిదో శతాబ్దపు నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ బ్రిటిష్ తపాలా శాఖ ఉద్యోగి. తెల్లవారుజామున 5:30కి బల్ల దగ్గర కూర్చుని, ఎదురుగా గడియారం పెట్టుకుని, పావుగంటకు 250 మాటల లెక్కన రాసి, ఆ తర్వాత ఆఫీసుకు వెళ్లేవారు. తనను నిద్రలేపి కాఫీ ఇచ్చే పనివాడికి ఏడాదికి ఐదు పౌండ్లు అదనంగా చెల్లించేవారు. అలా పోగైన నవలలు 47.

అందరికీ తెల్లవారుజాము సాగదు. వంట, టిఫిను డబ్బాలు, స్కూలు బస్సు ఉన్న ఇంట్లో ఆ వేళ మరీ కష్టం. అమెరికాలో డయానా గాబల్డన్ 1988లో ‘అవుట్‌లాండర్’ మొదలుపెట్టేనాటికి విశ్వవిద్యాలయ ఉద్యోగి, ముగ్గురు చిన్నపిల్లల తల్లి. అచ్చులో చూసుకోవాలని కాదు, నవల రాయడం నేర్చుకోవాలని రాశారు. ఇల్లు సద్దుమణిగాక రాత్రివేళ రాసేవారు. వరుస క్రమం పట్టించుకోకుండా, ఏ సన్నివేశం కళ్లకు కడితే అది రాసి తర్వాత అతికేవారు. స్కాట్లండ్ నేపథ్యమున్న ఆ నవలను ఆ దేశం చూడకుండానే, గ్రంథాలయం ఆధారంగా పూర్తిచేశారు. అది 1991లో వెలువడింది. ముక్కలుగా దొరికే సమయానికి ముక్కలుగా రాసే పద్ధతే బాగా అతుకుతుంది.

ఇంట్లోవారి సహకారం కావాలంటే వారికి విషయం తెలియాలి. ఫలానా గంట ఎవరూ పిలవకూడదని ఒక్కసారి చెప్పి, ఆ గంటలో నిజంగానే రాస్తూ కనిపిస్తే, నెల తిరిగేసరికి ఇల్లు దాన్ని అలవాటుగా తీసుకుంటుంది. ఈ వయసులో ప్రేమకథలేమిటని వియ్యాలవారో, తోటి ఉద్యోగులో అంటారన్న సంకోచం చాలామందిని ఆపుతుంది. అందుకు కలం పేరు ఉంది. పిల్లలు చదివితే ఏమనుకుంటారోనన్న భయంతో సన్నివేశాన్ని పలుచన చేయడం మాత్రం నవలకే నష్టం. చిత్తుప్రతి రాసేటప్పుడు ఎవరినీ భుజం మీదుగా తొంగిచూడనివ్వకూడదు. కత్తిరింపులు తర్వాత.

ఉద్యోగులు మరొకటి చూసుకోవాలి. అప్పుడప్పుడు చేసే సాహిత్య రచనకు కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళిలోని 15వ నియమం ముందస్తు అనుమతి అడగదు, విధులకు భంగం కలగకుంటే చాలు. రాష్ట్ర ప్రభుత్వ, బ్యాంకు, ప్రైవేటు ఉద్యోగులు తమ సంస్థ నిబంధనలు ఒకసారి చదువుకోవడం మేలు. పుస్తకం అచ్చయ్యే వేళ సర్వహక్కులూ రాసిచ్చేయాలన్న తొందర వద్దు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మన దేశంలో హక్కు రచయిత జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్లూ నిలుస్తుంది. ఒప్పందంలో గడువు రాయకపోతే హక్కుల బదిలీ ఐదేళ్ల వరకే చెల్లుతుంది. సినిమా, ఆడియో, అనువాద హక్కులు విడివిడిగా పేర్కొనాలి. యద్దనపూడి సులోచనారాణి నవల ‘మీనా’ సినిమాగా వచ్చిన సంగతి తెలిసిన తెలుగువారికి ఆ హక్కుల విలువ వేరే చెప్పనక్కర్లేదు.

తెలుగులో ప్రేమ నవల పత్రికల సీరియళ్లతో పెరిగింది. వారం వారం పాఠకురాలిని ఎదురుచూసేలా చేసిన ఆ ఒడుపు ఇప్పుడు ప్రతిలిపి వంటి ఆన్‌లైన్ వేదికల మీద భాగాలుగా రాసేవారికీ పనికొస్తుంది. ఉద్యోగస్తులకు ఈ పద్ధతి అనువైనదే, అయితే కనీసం పది భాగాలు చేతిలో ఉంచుకున్నాకే మొదటిది బయటపెట్టాలి. ఇంట్లో ఒకరికి జ్వరమొచ్చిన వారం కథ ఆగకుండా ఆ నిల్వ కాపాడుతుంది. ప్రచురణకర్త దగ్గర్నుంచి రాతప్రతి తిరిగొస్తే రెండు వారాలు పక్కన పెట్టి, తర్వాత మొదటి అధ్యాయాన్ని గొంతెత్తి చదువుకోవాలి. నాలుక తడబడిన చోటల్లా గీత గీసి, అక్కణ్ణుంచి తిరగరాయాలి. ఈలోగా నోటుబుక్కులో మిగిలిన వాక్యాల్లోంచి రెండో నవల ఎత్తుకోవచ్చు.