సంఘం వెబ్‌సైటును పాలు పోసే సభ్యుల కోసం తిరిగి అమర్చుకోవడం

(కార్యదర్శులకు, పాలకవర్గ సభ్యులకు పాఠం)

సంఘానికి వెబ్‌సైటు ఉండడం వేరు, అది సభ్యులకు అక్కరకు రావడం వేరు. పాల సంఘాలలోనైనా, చిన్న పాల కంపెనీలలోనైనా తరచు జరిగేది ఒకటే. తెలిసిన కుర్రవాడెవరో నాలుగు పేజీలు తయారు చేసి ఇస్తాడు. తెరవగానే భవనం ఫోటో, పూలదండతో అధ్యక్షులు, ఆ తరువాత సంఘ చరిత్ర, ఆశయాలు. బద్వేలు పక్క పల్లెలో తెల్లవారి పాలు పోసి వచ్చిన మనిషికి కావలసినవి ఇవి కావు. ఈ పూట పాలకు ఎంత పడుతుంది? బిల్లు ఏ తేదీన ఇస్తారు? ఎనుము ఎదకు వచ్చింది, ఎవరికి ఫోను చేయాలి? ఈ మూడింటికి జవాబు మొదటి పేజీలో, వేలితో కిందికి జరపకముందే కనబడాలి. అధ్యక్షుల ఫోటోను వెనుక పేజీలో ఉంచవచ్చు. ఆయన ఎవరో ఊరందరికీ తెలిసినదే.

ఇది కొత్తగా పుట్టిన సూత్రమేమీ కాదు. 1946లో ఖేడా జిల్లాలో మొదలై, 1970 నుంచి ఆపరేషన్ ఫ్లడ్ ద్వారా ఇతర రాష్ట్రాలకు పాకిన ఆనంద్ పద్ధతిలో పాలను సభ్యుల కళ్ళ ముందు కొలిచి, నాణ్యతను బట్టి వెల కట్టడమే ప్రధానం. కేంద్రంలో కళ్ళ ముందు జరిగేది ఫోనులో చాటుకు పోకూడదు.

ధరను చూపడం దగ్గరే అసలు చిక్కు ఉంది. ధరల పట్టికను ఫోటో తీసి పెట్టేస్తే పని అయిపోయిందనుకుంటారు. ఆ సన్నటి అంకెలు ఫోనులో పెద్దవి చేస్తే మసకబారతాయి. కనబడినా లెక్క తెలియదు. ఉదాహరణకు కిలో వెన్నకు 800 రూపాయలనుకుందాం (ఇది లెక్క కోసం తీసుకున్న అంకె మాత్రమే). 6.5 శాతం వెన్న ఉన్న పాలకు కిలో 52 రూపాయలు పడుతుంది. కాని సభ్యులు పోసేది లీటర్లలో. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. కాబట్టి 10 లీటర్లంటే 10.3 కిలోలు, వెల 535 రూపాయల 60 పైసలు. లీటరునే కిలోగా లెక్క వేస్తే 520 రూపాయలే వస్తుంది. పది రోజులకొకసారి బిల్లు ఇచ్చే సంఘంలో 20 పూటలకు ఈ తేడా 312 రూపాయలు. ఆ డబ్బు ఎక్కడికి పోయిందని ఇంట్లో మాట వస్తే నింద కార్యదర్శి మీదనే పడుతుంది.

కనుక ధర లీటరుకా, కిలోకా అన్నది మొదటి పేజీలో అక్షరాలతో రాయాలి. దాని కింద లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. శాతం నింపే మూడు గళ్ళు పెట్టించండి. నింపగానే మొత్తం ఒక్కటే కాక, లెక్క వేసిన విధమంతా వరుసగా కనబడాలి. వెన్నకు, ఎస్.ఎన్.ఎఫ్.కు విడివిడిగా వెల కట్టే చోట రెండు లెక్కలూ చూపాలి. ఈ మొత్తం కేంద్రం యంత్రం ఇచ్చే చీటీతో పైసలతో సహా సరిపోవాలి. సరిపోయేదాకా గళ్ళు పెట్టకపోవడమే మేలు. తప్పు లెక్క చూపే పేజీ కొత్త తగవులు తెస్తుంది.

ఇక అక్షరాల సంగతి. డి.టి.పి. షాపులో అను ఫాంట్లతో కొట్టించిన కరపత్రాన్ని ఉన్నదున్నట్లు వెబ్‌సైటులో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనబడుతుంది. వెబ్‌సైటుకు యూనికోడ్ తెలుగే కావాలి. అప్పుడే వెతికితే దొరుకుతుంది, చదువు రానివారికి ఫోను చదివి వినిపించగలుగుతుంది. మండలి వంటి ఉచిత ఫాంట్లు చదవడానికి హాయిగా ఉంటాయి. వత్తులు కింది వరుసకు తగలకుండా వరుసల మధ్య ఎడం ఎక్కువ ఉంచమనండి. లేత బూడిద రంగు అక్షరాలు గదిలో ముచ్చటగానే ఉంటాయి, మన మే నెల ఎండలో మాత్రం తెర తెల్లగా మెరిసిపోతుంది. అక్షరానికి, వెనుక రంగుకు మధ్య కనీసం 4.5కు 1 తేడా ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. తెలుపు మీద నలుపుకు మించినది లేదు.

చిరునామా పేజీలో జిల్లా పేరును ఇంగ్లీషులో రెండు విధాలా రాయండి. 2005లో ‘కె’తో మొదలయ్యే స్పెల్లింగు వచ్చినా, బండల వ్యాపారులు ‘సి’తో మొదలయ్యే పాతదాన్ని వదలలేదు. వెతికేవారు ఏది కొడతారో చెప్పలేము.

ఫోనుతో తీసిన ఒక్క ఫోటో 4 మెగాబైట్లు ఉండవచ్చు. సిగ్నలు సరిగా లేని పల్లెలో సెకనుకు 400 కిలోబిట్లే అందుతుంటే ఆ ఒక్క బొమ్మ దిగడానికి 80 సెకన్లు పడుతుంది. దానిని 100 కిలోబైట్లకు కుదిస్తే రెండు సెకన్లు చాలు. పేజీలో ముఖ్యభాగం 2.5 సెకన్లలోపు కనబడాలని గూగుల్ కొలత పెట్టింది. వాటంతట అవి జరిగే బొమ్మల వరుసను తీసివేయిస్తే సగం భారం తగ్గుతుంది.

గోపాలమిత్ర నంబరు, సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు, నొక్కగానే ఫోను పోయేటట్లు పెట్టించాలి. ఈనిన ఎనుము పడిపోయి ఉండగా నంబరు చూసి రాసుకొనే తీరిక ఎవరికుంటుంది?

తయారైన తరువాత పాలకవర్గం సమావేశంలో చూసి మెచ్చుకోవడం పరీక్ష కిందికి రాదు. కేంద్రం దగ్గర ఐదుగురు సభ్యులను కూర్చోబెట్టండి. పాలు తెచ్చే ఆడవారు, కళ్ళద్దాల పెద్దవారు అందులో ఉండాలి. వాళ్ళ ఫోనులోనే, ‘అమ్మా, ఈ చీటీలో ఉన్న పాలకు ఎంత పడుతుందో చూసి చెప్పు’ అని అడిగి ఊరక చూడండి. నేర్పవద్దు, వేలు పెట్టి చూపవద్దు. ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. ఐదుగురితోనే చాలా లోపాలు బయటపడతాయని ఈ విద్యలో పేరుపొందిన జాకబ్ నీల్సన్ 2000లో వివరించారు. సరిదిద్దాక మరో ఐదుగురితో చూడాలి.

వెబ్‌సైటు పేరు ఎవరి పేరిట నమోదైనదో ఈ వారమే విచారించండి. తయారు చేసిన కుర్రవాడి పేరిట ఉంటే అతడు బెంగుళూరుకు ఉద్యోగానికి వెళ్ళిన ఏడాది రుసుము కట్టేవారు లేక పేరు చేజారవచ్చు. నమోదు, రహస్య పదం, గడువు తేదీ సంఘం రికార్డులో ఉండాలి. సహకార సంఘాలకు ప్రత్యేకించిన ‘డాట్ కోప్’ చిరునామా కూడా ఉన్నది, జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ అదే వాడుతున్నది.

సభ్యుల ఖాతా నంబర్లు, ఆధార్, ఫోను నంబర్లు, ఎవరికెంత బిల్లు వచ్చిందన్న జాబితా అందరికీ కనబడే పేజీలో పెట్టరాదు. వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది.

ధర మారిన పూటనే పేజీలో మార్చే బాధ్యత ఒకరికి అప్పగించి, ‘ఈ ధర ఫలానా తేదీ ఉదయం నుంచి’ అని పైన రాయించండి. ఫోను లేని సభ్యుల కోసం అదే పేజీని పెద్ద అక్షరాలతో అచ్చు తీసి, పాలు కొలిచే బల్ల ఎదుట కంటికి ఆనే ఎత్తులో అంటించవలసింది.